గట్టు చెట్ల మీద రెండు పట్టీలు

నోటు పుస్తకం వెనక అట్ట మీద చిన్న చెట్టు బొమ్మ చూపించి, "ఈ గుర్తు ఉందంటే అడవిని పాడుచెయ్యకుండా తెచ్చిన కర్రతో చేసిన కాగితం అని అర్థం" అన్నాడు కంపెనీ మనిషి. నేను పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాను. బొమ్మ బాగానే ఉంది. బొమ్మ వేయడానికి అడవి అక్కర్లేదు కదా అనిపించింది.

నాది పెద్ద చదువు కాదు. కాఫీ గింజలు అమ్మేచోట మోసపోకూడదని లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. తూకం వేసేవాడు నవ్వుతూ మాట్లాడుతుంటే నా చూపు కాటా మీదికే పోతుంది. ఈ మనిషి కూడా బాగా నవ్వుతున్నాడు.

కర్ర బేరానికి అతను వచ్చింది మా అప్ప, అంటే మా అక్క, కాఫీ తోటకు. నీడ కోసం ఎప్పుడో నాటిన సిల్వర్ ఓక్ చెట్లు బాగా ముదిరాయి. గుర్తు ఉన్న కర్రకు ధర ఎక్కువ అన్నాడు. తోటలోని చెట్లన్నిటికీ రంగు పట్టీ వేసి నంబరు రాస్తారు. ఏటా పదింటికి ఒక చెట్టు మాత్రమే కొట్టాలి. కొట్టినచోట మళ్లీ నాటాలి. వినడానికి న్యాయంగానే ఉంది. బావ పోయాక తోట పనంతా అప్పే చూసుకుంటోంది. ఇంటి కప్పు మార్చాలని రెండేళ్లుగా అంటోంది. సరేనంది.

పట్టీలు వేయడం అయ్యాక నేను తోటంతా ఒకసారి తిరిగాను. అప్ప తోటకూ ఆమె మరిది తోటకూ మధ్య ఒక గట్టు ఉంది. ఆ గట్టు మీది చెట్లకు రెండేసి పట్టీలు కనిపించాయి, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు. అప్ప తోటకు ఒక రోజు, మరిది తోటకు మరో రోజు వేరువేరు మనుషులు వచ్చి వేశారు. గట్టు చెట్లు ఎవరివని ఇద్దరినీ అడిగారు. ఇద్దరూ "మావే" అన్నారు.

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మా కొండల్లో గట్టు మీది చెట్టు రెండు ఇళ్లదీ. ఈ ఏడాది కొమ్మలు ఒకరు కొట్టుకుంటే వచ్చే ఏడాది రెండోవాళ్లు కొట్టుకుంటారు. మిరియం తీగ ఎవరు పాకిస్తే పంట వాళ్లది. ఎవరు అడిగినా "మావే" అనడం మాకు అలవాటు. బయటివాడు అది రాసుకుంటే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

అప్ప చివరి నంబరు రెండు వందల పన్నెండు, మరిదిది నూట డెబ్బై ఆరు. రెండూ కలిపితే మూడు వందల ఎనభై ఎనిమిది. గట్టు చెట్లు పద్దెనిమిదినీ ఒక్కసారే లెక్కపెడితే, కొండ మీద నిలబడి ఉన్నవి మూడు వందల డెబ్బై. లేని పద్దెనిమిది చెట్లు కంపెనీ లెక్కలో పెరుగుతున్నాయి.

కాగితం మీద నంబరు ఉంటే లేని చెట్టుకు కూడా కర్ర వస్తుంది. ఎక్కడి నుంచి వస్తుందన్నదే నా భయం. అప్ప తోటను ఆనుకుని రిజర్వు అడవి ఉంది. తోటలో ఉన్నదానికన్నా ఎక్కువ కర్ర ఆమె పేరు మీద పోతే, రేపు తనిఖీకి వచ్చినవాళ్లు అడవి కొట్టిందనే అంటారు. పట్టా చేతికి రావడానికి ఆమె ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో నాకు తెలుసు.

కంపెనీ మనిషి సంతకానికి వచ్చినప్పుడు గట్టు దగ్గరికి తీసుకెళ్లి ఈ సంగతి చెప్పాను.

"ఎక్కువుంటే మీకేం నష్టం పెద్దాయనా? తక్కువైతే కదా బాధ" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. అప్పకూ నచ్చలేదు.

"నష్టం ఏటో మా తమ్ముడు సెప్తాడు గానీ, నీకు లాభం ఏటో నువ్వు సెప్పు బాబూ" అంది.

అతను నవ్వాడు. గట్టు చెట్లు ఎవరివో ఒకరివని తేల్చుకుంటే దిద్దేస్తానన్నాడు. అప్ప మరిది అప్పుడే గట్టెక్కి వచ్చాడు.

"ఒకలివంటే ఎలగ? రేపు కొమ్మ కొట్టాలంటే వదిన్ని అడగాలేటి నేను?"

"అడిగితే నోరు అరిగిపోద్దేటి?" అంది అప్ప.

"నువ్వడుగుతావా నన్ను?"

అప్ప గట్టు చెట్టు దగ్గరికి నడిచింది. నడుముకున్న కత్తి తీసి ఆకుపచ్చ పట్టీ గీకడం మొదలుపెట్టింది. అది పోయాక పసుపుదీ గీకేసింది.

"ఇవి అమ్మకానికి నేవు. నీయీ కాదు, నాయీ కాదు. ఎప్పట్నాగే ఉంటాయి."

మరిది తనూ కత్తి తీశాడు. ధర వచ్చే చెట్లు ఇద్దరూ వదులుకున్నారు.

"ఆ కొన్నీ రికార్డులో ఉండనివ్వండమ్మా, మార్చడం చాలా పని" అన్నాడు కంపెనీ మనిషి.

"సెట్టు మీద నేని నంబరు నీ దగ్గరెందుకు? గీత కొట్టీ. అప్పుడే సంతకం."

అతను ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం పైకి ఎక్కాడు. ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. దిగివచ్చి దిద్దాక అప్ప సంతకం పెట్టింది. రెండు గీతలతో అయ్యే పనికి అంత మాట ఎందుకో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఇక్కడి నుంచి కొయ్యూరు దాకా ఎన్ని గట్లు ఉన్నాయో, వాటి మీద చెట్లకు ఎన్నేసి పట్టీలు ఉన్నాయో అనుకున్నాను.

చలి తగ్గాక అప్ప వంతు చెట్లు కొట్టారు. దుంగలు ఎక్కించాక లారీలో ఇంకా చాలా చోటు మిగిలింది. సాలూరు డిపోకు పోతుందట.

"దారిలో ఇంకో తోట లోడు ఉంది" అన్నాడు డ్రైవరు.

"ఏ ఊరు?" అన్నాను.

"చెప్తారండి, ఫోన్ చేసి."

అప్ప కొంగు బిగించి లారీ పక్కన నిలబడింది. "తమ్ముడా, ఫోటో తియ్" అంది.

నేను ఆమె మొహం కుదిరేలా ఫోన్ పట్టుకున్నాను.

"నా మొహం ఎందుకురా, నా కర్ర ఎంతుందో పడాలి. ఆ కాళీ చోటు కూడా పడాలి. బేగి తియ్, ఎల్లిపోతన్నాడు."

నాలుగు అడుగులు వెనక్కి నడిచి, లారీ మొత్తం పట్టేలా తీశాను.