దిక్సూచి బాబాయ్

మా ఆయన చేసే పని ఎవరికైనా చెప్పాలంటే నా తలప్రాణం తోకకొస్తుంది. నేలలో చిన్న చిన్న పెట్టెలు పాతుతారు. దూరంగా ఒక లారీ నేలను గడగడ వణికిస్తుంది. ఆ వణుకు లోతుకు పోయి, నూనె ఉన్న రాతిలో పగుళ్లకు తగిలి పైకొస్తే పెట్టెలు పసిగడతాయి. దాన్నిబట్టి పగుళ్లు ఎటు పోతున్నాయో ఆఫీసులో పటం గీస్తారు, పటాన్నిబట్టి బావి తవ్వుతారు. ప్రతి పెట్టె మీదా బాణం గుర్తుంటుంది. అది ఉత్తరానికే చూడాలి. ఇరవై రెండేళ్లుగా ఆ బాణం సరిచూడడమే ఈయన ఉద్యోగం. తోటివాళ్లంతా దిక్సూచి బాబాయ్ అంటారు.

మొన్న సాయంత్రం వస్తూనే, చెప్పులైనా విడవకుండా, దిక్సూచి పట్టుకుని వంటింట్లో గిరగిరా తిరిగారు.

"ఏమే, ఉత్తరం ఎటు?"

"మతిగానీ పోయిందా? పొయ్యి వైపేగా!"

"ఇది కిటికీ వైపు చూపిస్తోందే!"

ఇద్దరం బిక్కమొహాలేశాం. చొక్కా విప్పొచ్చి చూస్తే మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. చొక్కా తడిమాను, దాంతోపాటే తీసి పెట్టిన ఫోన్ సంచి చేతికి తగిలింది. ఫోన్ జారిపోతోందంటే వారం కిందట మెళ్లో వేలాడే సంచి కుట్టిచ్చింది నేనే. దాని మూతకి అయస్కాంతం బొత్తాం పెట్టిందీ నేనే!

"ఎన్ని పెట్టెలు తప్పాయండీ?"

"వంగినప్పుడల్లా సంచి దిక్సూచి దగ్గరికొచ్చిందో, రాలేదో... ఏమోనే!"

నా చేతులు పడిపోనూ! చెప్తే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే పటం తప్పు, బావీ తప్పు. "నోరు మూసుకుని ఊరుకోండి" అన్నాను. వెంటనే "వద్దులెండి, చెప్పేయండి" అన్నాను. కంచాలు తీసేలోపు ఎన్నిసార్లు మాట మార్చానో నాకే తెలీదు.

మర్నాడు ఆయనే వెళ్లి, ఆఫీసులో పటం గీసే ఇంజినీరమ్మకి చెప్పేశారు. మధ్యాహ్నం భోజనానికొచ్చారు.

"ఊడిందా?"

"లేదు. నవ్వింది. 'దానికేం బాబాయ్, లారీ ఎక్కడుందో మనకి తెలుసుగా. వణుకు ఎటునుంచి వచ్చిందో చూసి, ఏ పెట్టె ఎటు తిరిగిందో కంప్యూటరే సరిచేసుకుంటుంది. ఎప్పుడూ అంతే' అంది."

"హమ్మయ్య! బతికించింది తల్లి!" ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఆయన మాత్రం కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఎప్పుడూ అంతేనటే. మరి ఇరవై రెండేళ్లు మోకాళ్లు అరిగేలా వంగి వంగి నేను తిప్పిందేంటి?"