గుండ్రటి అక్షరాల మందుచీటీ

గోడ మీద అక్షరం కనబడితే చాలు, ఆయన ఎడమ కన్ను మూసి బొటనవేలు చాచేవాడు. వేలితో కొలిచి, "సున్నా కుంగింది" అని గొణుక్కుని నడిచిపోయేవాడు. ముప్పై ఎనిమిదేళ్లు దుకాణాలకు బోర్డులు రాశాడు. అరవై దాటాక చేతికి వణుకు పట్టుకుంది. రోజుకు మూడు మాత్రలు వేళకు పడితే చెయ్యి రాయిలా ఉండేది. వేళ తప్పితే గ్లాసు కూడా నిలిచేది కాదు.

చెల్లెలు వేరే ఊళ్లో కుట్టు దుకాణం తెరుస్తోంది. తలుపు మీద పేరు అన్నయ్యే రాయాలని పట్టు. మర్నాడే ప్రారంభం. భార్యతో విమానానికి బయలుదేరాడు. మాత్రలు చేతిసంచిలో ఉన్నాయి.

తనిఖీ దగ్గర ఆఫీసరమ్మ సీసా పైకెత్తి చూసింది. కంపెనీ లేబులు వంకరగా అంటించారని ఆయన దాన్ని పీకేసి, మందు పేరు తనే నీలిరంగుతో రాసుకున్నాడు.

"డాక్టరు చీటీ ఉందా?"

ఇచ్చాడు. అదీ ఆయన తిరగరాసుకున్నదే. అసలుదాన్ని చూడలేక చించేశాడు.

"ఏం పెద్దాయనా, నా చెవిలో పువ్వు కనబడుతోందా? ఇంత గుండ్రంగా రాసే డాక్టరు భూమ్మీద ఉన్నాడా?"

"అసలుదాన్ని చూసి నేనే రాశానమ్మా."

"చిలక్కి చెప్పినట్టు చెప్పానమ్మా," అంది భార్య, "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచండని. వింటేగా!"

"తేలేదాకా సీసా ముట్టుకోకండి."

డాక్టరుకు ఫోను చేశారు. ఎత్తలేదు. ఒంటిగంట మాత్ర వేళ దాటింది. రెండైంది. విమానం ఎక్కమని పిలుపు మొదలైంది. బల్ల మీద ఆయన చెయ్యి టకటకలాడసాగింది.

"నేనే రాశానంటున్నారుగా. మరోసారి రాయండి, చూద్దాం."

కలం పట్టాడు. గీతలు ఎగిరాయి, పడ్డాయి, ఒకదాని మీదొకటి ఎక్కాయి. ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఆఫీసరమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. ముఖం విప్పారింది.

"డాక్టరు చీటీ అంటే ఇదీ! ముందే ఇవ్వొచ్చుగా?" ముద్ర వేసి ఫైలులో పెట్టుకుంది.

"అమ్మా, అది మీ ముందే కదా నేను..."

"ఏమండీ, నోరు మూసుకుని పదండి," అంది భార్య.

మర్నాడు పొద్దున చెల్లెలు మంచినీళ్లు తెచ్చింది. "మాత్ర వేసుకో అన్నయ్యా, జనం వచ్చేస్తారు."

"ఆగవే."

చెయ్యి వణకడం మొదలయ్యేదాకా కూర్చున్నాడు. అప్పుడు తిరుగు ప్రయాణానికొకటి, ముందుముందుకు మూడు మందుచీటీలు రాసి భార్యకిచ్చాడు. తరువాత మాత్ర మింగి, నిచ్చెన తెమ్మన్నాడు.