వాన వెలిశాక వేసే ఎర

వాచీలు బాగుచేసే ఆయనకు చేతులే ఆస్తి. అలాంటి మనిషికి నిరుడు కుడిచెయ్యి వణకడం మొదలైంది. గుక్కెడు టీ తాగితే రెండు గుక్కలు చొక్కా తాగుతోంది. కొట్టు కూతురికి అప్పజెప్పాడు. ఇక మిగిలింది సరస్సులో బాస్ చేపలు పట్టే సరదా ఒక్కటే. "ఈ ఒక్కసారి వెళ్తాను. ఏమీ పడకపోతే మళ్ళీ గాలం ముట్టను" అని భార్యతో తెగేసి చెప్పాడు. ఆవిడ తమ్ముడు బస్సు డ్రైవరు. వాదించకుండా బావను పడవ ఎక్కించాడు. అలాంటి బావమరిది దొరకడం ఆయన అదృష్టం.

ముందురోజు మబ్బు పట్టినప్పుడు సరస్సులో చేపలు ఎగబడ్డాయట. వాన ముందు బాస్‌కు ఆకలెక్కువ. నీటి పైపైన గిరగిరా తిరిగే రేకు ఎర లాగితే చాలు, వెంటపడి మింగుతుంది. వాన వెలిసి ఆకాశం తేటపడితే అదే చేప నాచు కింద మొహం ముడుచుకుని కూర్చుంటుంది. రాత్రి వాన కురిసి వెలిసింది, ఇవాళ ఆకాశం కడిగినట్టుంది. ఈ సంగతి వాచీలాయనకు తెలియక కాదు. అయినా రేకు ఎరే వేశాడు. గాలం దారం చుట్టే రీలు జోరుగా తిప్పుతుంటే వణుకు ఎవరికీ కనబడదని ఆయన ఎత్తు. పొద్దెక్కింది కానీ ఒక్క చేపా ముట్టలేదు.

"బావా, నిన్నటి ఎర ఇవాళ పనికిరాదని నాకు నేర్పిందే నువ్వు. రబ్బరు వానపాము వెయ్యి."

"అది అడుగున పెట్టి సన్నగా ఆడించాలిరా. ఈ చేత్తోనా?"

"వెయ్యవయ్యా ముందు!" అంటూ బావమరిదే ముడి వేసి ఇచ్చాడు.

గాలం కర్ర కదలకూడదని వాచీలాయన పళ్ళు బిగించాడు. చెయ్యి వింటేగా? ఆ వణుకు దారం వెంట దిగి రబ్బరు వానపాముకు ప్రాణం పోసింది. ఉన్నట్టుండి కర్ర వంగింది. మంచి బరువైన బాస్. కాసేపటికి ఇంకొకటి.

బావమరిదీ అదే ఎర వేశాడు. బస్సు స్టీరింగు తిప్పి తిప్పి మొరటుబారిన చేతులాయె, ఎంత ఆడించినా చేప ఇటు చూడలేదు. చివరికి ఉడుక్కున్నాడు.

"అంత సన్నగా ఎలా వణికిస్తున్నావు బావా? కాస్త నాకూ నేర్పు."

వాచీలాయన పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. ఇన్నాళ్ళూ తిట్టిపోసిన చేతి మీద, పక్కన మూతి ముడుచుకున్న బావమరిది మీద, ఒకేసారి ప్రేమ పొంగుకొచ్చింది.

"వచ్చే ఆదివారం పెందలాడే రా. నేర్పుతాను" అన్నాడు.