దిద్దుబాటు మాస్టారు పరాయి ఊళ్ళో

ఆయనకు దిద్దుబాటు మాస్టారు అని పేరు పెట్టింది బడి పిల్లలే. పద్దెనిమిదేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పారు. తప్పు కంటబడితే ఊరుకోలేని మనిషి. బంధువులు శుభలేఖ అచ్చుకిచ్చే ముందు ఆయనకు చూపించేవారు. చూపించనివాళ్ళకు ఈయన పెళ్ళి భోజనాల దగ్గర తప్పులు చెప్పేవారు, అదీ పదిమందిలో. ఒక మందుల దుకాణం బోర్డు మీద ఒత్తు పోయిందని ఆ కొట్టుకు మూడుసార్లు వెళ్ళొచ్చారు. నాలుగోసారికి కొట్టతను దూరం నుంచే చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

నలభై ఆరో ఏట, పరాయి దేశంలోని ఒక సాయంకాలపు భాషా బడి వాళ్ళు పెద్దవాళ్ళకు తెలుగు నేర్పడానికి మనిషి కావాలని ప్రకటన ఇస్తే దరఖాస్తు పెట్టారు. ఉద్యోగం వచ్చింది. రెండేళ్ళ ఒప్పందం. భార్య ప్రభుత్వాసుపత్రిలో నర్సు, ఆమెకు అంత సెలవు దొరకదు.

"వెళ్ళి రండి. ఇక్కడ మీరు దిద్దాల్సినవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు," అంది బట్టలు సర్దుతూ. కోపమేమీ లేదు ఆ మాటలో.

బయల్దేరే ముందు నాలుగు నెలలు కూర్చుని ఆ దేశపు భాష పుస్తకంలో చదువుకున్నారు. క్రియల పట్టికలన్నీ కంఠస్థం చేశారు. దిగగానే ఇబ్బందేమీ ఉండదనుకున్నారు.

దొరికిన గది మూడో అంతస్తులో, అరవై రెండు మెట్ల పైన. మంచం, బల్ల, రెండు కుర్చీలు, పక్కింటి గోడను చూపించే కిటికీ. కింద ఇంటి యజమాని చెప్పులు బాగుచేసే కొట్టు. పగలంతా జిగురు వాసన పైదాకా వచ్చేది. వేడినీళ్ళ కుళాయి ఏవైపు తిప్పాలో తెలిసేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ చన్నీళ్ళే.

మొదటి రోజు బడిలో తోటి ఉపాధ్యాయుల ముందు నిలబడి, బట్టీపట్టిన వాక్యం గడగడా అప్పజెప్పారు: నేను ఈ బడికి వచ్చిన కొత్త గురువుని. అందరూ చిరునవ్వు నవ్వారు. ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది.

"అబ్బ, ఎంత చక్కగా మాట్లాడుతున్నారండీ!" అంది ప్రధానోపాధ్యాయురాలు.

మాస్టారికి వెయ్యేనుగుల బలం వచ్చింది. ఆ వాక్యాన్నే చెప్పుల కొట్టతనితో, పేరు నమోదు చేసుకునే ఆఫీసులో, రొట్టెల దుకాణంలో, బస్సు డ్రైవరుతో చెప్పారు. ఎక్కడ చెప్పినా అదే చిరునవ్వు.

తెలుగు తరగతిలో తొమ్మిదిమంది చేరారు. అందులో ఒకామె బ్యాంకు గుమస్తా, తెలుగువాణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆమె నోరు తెరిచి, "అత్తయ్యా, మీ కాళ్ళు ఎలా ఉంది?" అంటే, "ఉంది కాదు, ఉన్నాయి. మళ్ళీ మొదటినుంచి," అనేవారు మాస్టారు. మళ్ళీ మొదలుపెడితే 'ళ్ళ' దగ్గర ఆపేవారు. ఆరు వారాలు గడిచేసరికి తొమ్మిదిమంది నలుగురయ్యారు.

గుమస్తా కూడా ఒకరోజు పుస్తకాలు సంచిలో పెట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది. తన భాషలోనే, ఆయనకు అందేలా నెమ్మదిగా చెప్పింది.

"నేను మా అత్తగారితో మాట్లాడదామని వచ్చాను మాస్టారూ. ఇక్కడికి రాకముందు రెండు ముక్కలైనా మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఆవిడ ఫోన్ చేస్తే భయమేసి మా ఆయన చేతికిచ్చేస్తున్నాను."

ఆమె నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

తర్వాతి వారం ఆయన తరగతికి గంట ముందే వెళ్ళారు. గదులు శుభ్రం చేసే ఆవిడ నేల తుడుస్తోంది. యాభై దాటిన మనిషి, ఆవిడా ఇరవై ఏళ్ళ కిందట వేరే దేశం నుంచి వచ్చినదే. మాస్టారు మర్యాదగా తన వాక్యం చెప్పారు. ఆవిడ తుడుపు కర్రను పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది.

"ఏమన్నారూ? మళ్ళీ అనండి!"

మళ్ళీ అన్నారు.

"అయ్యో నా తండ్రీ!" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ ఆ మాట విడమరిచి చెప్పింది. మన భాషలోకి తెస్తే, ఆయన గురువు అనబోయి బరువు అంటున్నారు. నేను ఈ బడికి వచ్చిన కొత్త బరువుని.

"ఎన్నాళ్ళ నుంచి చెబుతున్నారిలా?"

"రెండు నెలలు. అందరికీ చెప్పాను. ఒక్కరూ దిద్దలేదు."

"దిద్దరు. మర్యాదస్తులు కదా! నేనొచ్చిన కొత్తలో మెట్లు కడిగాను అనబోయి మెట్లు అడిగాను అనేదాన్ని. కిటికీలు అడిగాను, బల్లలు అడిగాను. మూడేళ్ళు! వాటినేమడిగావని ఒక్కళ్ళూ అడగలేదు."

మాస్టారి చెవులు కాలిపోయాయి. తప్పు మాట్లాడానన్న సిగ్గు ఒకటి, అందరూ విని ఊరుకున్నారన్న బాధ ఇంకొకటి. ఏది ఎక్కువో ఆయనకే తేలలేదు.

రెండు రోజుల తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్ళి, "నా తప్పులు మీరు చెప్పాలమ్మా," అని అడిగారు.

"చెప్తాను. కానీ మీరు మాట పూర్తి చేశాకే. మధ్యలో ఆపితే మీకూ తోచదు, నాకూ తోచదు."

ఆ రోజు నుంచి గంట ముందే వెళ్ళేవారు. ఆవిడ మోకాళ్ళ నొప్పి గురించి, కోడలి గురించి చెప్పేది. ఈయనేమో తన భార్య డ్యూటీల గురించి, కింది కొట్టు జిగురు వాసన గురించి చెప్పేవారు. చివర్లో ఆవిడ, "మూడు తప్పులు," అని వేళ్ళు చూపించి ఒక్కొక్కటీ చెప్పేది.

పది రోజులు ఆలోచించి మాస్టారు బ్యాంకుకు వెళ్ళారు. టోకెన్ తీసుకుని, వరసలో కూర్చుని, వంతు వచ్చాక గుమస్తా ముందు నిలబడ్డారు.

"మీరు మళ్ళీ తరగతికి రావాలి. ఇకనుంచి మధ్యలో ఆపను," అని ఆమె భాషలోనే చెప్పారు.

"మీ మాటలో ఒక తప్పుంది. చెప్పమంటారా?" అంది ఆమె.

"చెప్పండి."

చెప్పింది. సోమవారం తరగతికి వచ్చింది.

మనిషి ఒక్కరోజులో మారిపోడు కదా. మాస్టారు ఎన్నోసార్లు నోరు తెరిచి మూసుకున్నారు. చేతిలో కాగితం పెట్టుకుని తప్పులు రాసుకుని, అందరూ మాట్లాడాకే చెప్పడం అలవాటు చేసుకున్నారు. ఒకరోజు విరామంలో గుమస్తా వరండాలో ఫోన్ మాట్లాడుతూ కనిపించింది.

"అత్తయ్యా, మోకాలు తగ్గిందా? నేను అన్నం తిన్నారు. మీరు తిన్నానా?"

అవతల అత్తగారు ధారగా మాట్లాడుతూనే ఉంది. మాస్టారు కాగితం జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. తరగతి మళ్ళీ మొదలయ్యాక ఆమె వచ్చి కూర్చుని, "ఇరవై నిమిషాలు మాట్లాడిందండీ ఆవిడ. సగం అర్థం కాలేదు," అంది సంతోషంగా.

రెండో ఏడు తరగతిలో పదకొండుమంది చేరారు. ఒప్పందం ఇంకో ఏడాది పొడిగించారు. శుభ్రం చేసే ఆవిడకు బడి మెట్లెక్కడం కష్టమై, ఆ ఊళ్ళోనే ఒక ఆస్పత్రిలో కింది అంతస్తు పని చూసుకుంది.

ఆ వేసవిలో భార్య నలభై రోజుల సెలవు పెట్టి వచ్చింది. ఆ భాష ఒక్క ముక్క రాదు. వేలితో చూపించి, తల ఊపి, కూరగాయలన్నీ ఏరి తెచ్చేది.

"ఏ మాటా రాకుండా ఎలా కొన్నావు?" అన్నారు మాస్టారు.

"నాక్కావలసింది వంకాయలండీ, వ్యాకరణం కాదు," అంది ఆమె సంచి బల్ల మీద పెడుతూ.

సెలవు అయిపోయాక ఆమెను విమానం ఎక్కించి, మాస్టారు బస్సులో తిరిగొచ్చారు. ఆ రోజు బుధవారం. ఆరింటికి తరగతి ఉంది.