నేలను చూసి గీసిన గీత

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తెలిసినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. అప్పుడే సివిల్ డిప్లొమా పూర్తయింది. ఉద్యోగం లేదు గానీ జేబులో కొలత టేపు ఉండేది. ప్రొద్దుటూరులో మా అక్క ఇంట్లోనే మిషన్ కుట్టేది. జమ్మలమడుగు పాస్టరమ్మ ప్రార్థన హాలుకు అడ్డంగా కట్టడానికి ఒక పెద్ద గళ్ల కర్టెన్, దాంతోపాటు ఒక టేబుల్ గుడ్డ కుట్టమంది. అవి నచ్చితే తను నడిపే హాస్టల్ కిటికీల కర్టెన్లన్నీ అక్కకే. అంతవరకూ జాకెట్లే కుట్టిన అక్కకు అది మొదటి పెద్ద పని.

"అంచు మడిచేముందు ఒక దారం లాగల్లరా. గుడ్డే దావ సూపిస్తాది" అంది అక్క. నేతలోంచి ఒక పోగు లాగి, నేరుగా పడిన ఆ జాడ వెంటే టేబుల్ గుడ్డ అంచు కుట్టింది. కర్టెన్ దగ్గరికొచ్చేసరికి నేను అడ్డం పడ్డాను. "దారాలు లాగే కాలం పోయిందక్కా. ఆడికే పోయి గీత గీసుకొస్తా" అన్నాను. (డిప్లొమాలో కుట్టు లేదన్న సంగతి గుర్తు రాలేదు.) బస్సెక్కి వెళ్లి, గుడ్డను హాల్లో వేలాడదీసి, ఈ చివర నుంచి ఆ చివరిదాకా బండపరుపుకు సరిగ్గా అంగుళం పైన సుద్దతో గీత గీశాను. అక్క చూసి "గళ్లకు అడ్డం పోతాందే?" అంది. "గళ్లను సూడొద్దు, గీతను సూడు" అన్నాను. గీత మీదే కుట్టింది గానీ, మిగిలిన గుడ్డను కత్తిరించకుండా మడతలోనే దాచింది.

కర్టెన్ కట్టిన రోజు పాస్టరమ్మ తల ఒకవైపు వంచి చూసింది, తర్వాత రెండోవైపు. "ఏందప్పా, జారిపోతాన్నట్టుండాదే?" అంది. అడుగు వరసలో ఒక చివర గడి నిండుగా ఉంది, రెండో చివర సగమే ఉంది. నేనూ తల వంచాను. పైన కమ్మీ నేరుగానే ఉంది. గుడ్డ నేత నేరుగానే ఉంది. కింద అంగుళం ఎక్కడా తప్పలేదు. అన్నీ సరిగ్గానే ఉండి, కలిస్తే వంకర! నా నోరు "మా అక్క సరిగా కుట్లేదమ్మా" అనేసింది.

"టేబుల్ గుడ్డ అంత నేరుగా కుట్టినామె దీన్నెట్ల సెడగొట్టిందప్పా? అట్లయితే కిటికీలు ఇంకొకరికి ఇయ్యాల్సిందే."

అంతలో హాలు కడిగే అవ్వ బకెట్ నీళ్లు కుమ్మరించింది. నీళ్లు ఈ గోడ దగ్గర్నుంచి ఆ మూలకు ఆగకుండా పరుగెత్తాయి. నేను నోరు తెరిచి చూస్తున్నాను. "ఏంది అట్ల సూస్తాండావు? నీళ్లు పోవాలనే గదప్పా బండలు వాటంగా పరిసింది!" అంది అవ్వ. నేను నమ్ముకున్న నేలే వాలుగా ఉంది. తప్పు నాదని అప్పుడే చెప్పాల్సింది. "అక్కను పిలుసుకొస్తా" అని మాత్రం అన్నాను.

మరునాడు అక్క వచ్చి నేలను ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. "కొలత నేనే తప్పు రాసుకున్నానమ్మా" అంది. ఆ బండల మీదే కూర్చుని కుట్లు విప్పి, దారం లాగి, సాయంత్రానికి చేత్తో అంచు కుట్టేసింది. పాస్టరమ్మ అంచు పొడవునా వేలితో తడిమి చూసి, "కిటికీలు నువ్వే కుట్టమ్మా. కొలతలకు మాత్రం నువ్వే రా, తమ్మున్ని పంపొద్దు" అంది.

ఇన్నేళ్లకు, మొన్న ఫోన్లో ధైర్యం చేశాను. "అక్కా, ఆ కర్టెన్ తప్పు నాది. నీ మీద కూడా చెప్పినా" అన్నాను.

"యే కర్టెన్‌రా? శానా కుట్టినా గదా."

సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. ఆనాటి కుర్రాడి మీద జాలితో కూడిన నవ్వొకటి మాత్రం వచ్చింది. మొదటినుంచి అంతా చెప్పాను, వాణ్ని ఎక్కడా వెనకేసుకు రాకుండా.