తలకిందుల కొంగకు పసుపు బొట్టు

మొన్న ఏలూరులో ఒక కల్యాణ మండపంలో పాత స్టాంపుల ప్రదర్శన పెట్టారని తెలిసి, మోకాళ్ళ నొప్పులతో గడప దాటని నేను కూడా ఆటో కట్టించుకుని వెళ్ళాను. అక్కడ అద్దం కింద ఉన్న ఒక స్టాంపు చూసి కొయ్యబారిపోయాను. నీలం రంగు మీద తెల్ల కొంగ, అచ్చు వేసేటప్పుడు కాగితం తిరగబడిందో ఏమో, కాళ్ళు ఆకాశానికీ తల నేలకూ ఉన్నాయి. పక్కన రాసిన వెల చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, ఒకమ్మాయి కంగారుపడి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చేదాకా తేరుకోలేదు. అచ్చం అలాంటి కొంగే ఒకప్పుడు మా మావయ్య ఇంటికి వచ్చింది.

నాకప్పుడు తాడేపల్లిగూడెంలో కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చి, మా అమ్మ తమ్ముడైన ఈ మావయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. రెండు గదుల అద్దె ఇంట్లో ఆయన, అత్తయ్య, వాళ్ళ పాప, తాతయ్య, అమ్మమ్మ, వీళ్ళకు తోడు నేను. మావయ్య కాలవల ఆఫీసులో గుమాస్తా, మహా నెమ్మదస్తుడు, కానీ అచ్చుతప్పుల స్టాంపులంటే మాత్రం పిచ్చి. రంగు పడనివీ, అంచున చిల్లులు లేనివీ ఎక్కడున్నాయంటే అక్కడికి పోయేవాడు, మంచివాటి మొహం కూడా చూసేవాడు కాదు. తప్పు పడ్డవాటిని అచ్చాఫీసులోనే చింపేస్తారనీ, వాళ్ళ కళ్ళు గప్పి బయటపడ్డవాటికే వెల అనీ ఆయన వాదన. మనం కందిపప్పులో రాళ్ళు ఏరి పారేస్తే ఆయన రాళ్ళు దాచుకునే రకమన్నమాట.

ఎంత పిచ్చి ఉన్నా, కలిదిండి దగ్గర తన వాటాకొచ్చిన పొలం అమ్మి ఒక్క స్టాంపు కొంటాడని కలలోనైనా అనుకుంటామా? చుట్టుపక్కల వాళ్ళంతా వరిచేలు తవ్వి చేపల చెరువులు వేసుకుంటుంటే పొలాల ధరలు పెరుగుతున్న రోజులవి. అన్నం తింటూ ఆ కబురు చెబితే నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెళ్ళయినప్పట్నించీ అత్తయ్య అడిగింది సొంత ఇల్లొక్కటే, ఆ పొలమే దానికి ఆధారం. పదేళ్ళు ఓపిక పడితే ఆ స్టాంపే తాడేపల్లిగూడెంలో ఇల్లు కట్టిస్తుందని మావయ్య మాటిచ్చాడు, ఆవిడ కూడా, పిచ్చి తల్లి, నమ్మింది.

ఆయనే మద్రాసు వెళ్ళి తెచ్చాడు. పొద్దున్నే రైలు దిగి వచ్చి, పల్చటి కవరులోంచి చిన్న పట్టకారుతో తీసి, వేలు తగలకూడదనీ తడి అసలు సోకకూడదనీ నాకూ అత్తయ్యకూ చెప్పి, బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. పెరట్లో పూలు కోసుకుని అప్పుడే లోపలికొచ్చిన అమ్మమ్మ తొంగిచూసి, "అయ్యో రామా, పిట్ట చచ్చిపడినట్టుందేవిటే!" అంది. మేం నవ్వి ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం.

మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. సైకిలు కానీ, కుట్టుమిషను కానీ, పొలం దస్తావేజులు కానీ, కొత్తగా ఏది వచ్చినా అమ్మమ్మ నాలుగు మూలలా పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుడి దగ్గర ఉంచాకే మిగతావాళ్ళు ముట్టుకోవాలి. అసలే పొలం అమ్మి కొన్న వస్తువు, పైగా తలకిందుల పిట్ట, ఆవిడ ఊరుకుంటుందా? నేను జడ వేసుకుని వచ్చేసరికి ఆ స్టాంపు దేవుడి పీట మీద ఉంది. నాలుగు మూలలా తడి పసుపు, కొంగ పొట్ట మీద కుంకుమ బొట్టు. వెనక జిగురు కరిగి పీటకు అంటుకుపోయింది కూడా.

అంతలో మావయ్య తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇంక దానికే దోషమూ లేదురా నాన్నా. నువ్వనుకున్నట్టే ఇల్లు కట్టుకుంటావు," అంది అమ్మమ్మ, మొహం వెలిగిపోతూ.

అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఇవాళ్టితో ఈ ఇంట్లో మాటలు ఆగిపోతాయనుకున్నాను. మావయ్య పీట వంక చూశాడు, అత్తయ్య వంక చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని, వంగి దండం పెట్టి, "తీర్థం ఇయ్యమ్మా," అని చెయ్యి చాపాడు. స్టాంపు మీద పసుపు చూసినప్పటికంటే ఆ మాట విన్నప్పుడే నేనెక్కువ నిర్ఘాంతపోయాను.

మరక పడ్డ స్టాంపును ఆ తర్వాత ఏ వర్తకుడూ ముట్టుకోలేదు. ఆ సంగతి అమ్మమ్మకు ఎవరూ చెప్పలేదు. ఇంటికి ఎవరొచ్చినా, మా అబ్బాయి పిట్టను కొన్నాడండీ, రేపోమాపో ఇల్లు కడతాడండీ అని ఆవిడ మురిసిపోతూ చెబుతుంటే, పక్కనే అత్తయ్య కాఫీలు అందించేది. అమ్మమ్మ ఆ అద్దె ఇంట్లోనే కన్నుమూసింది. కొన్నేళ్ళకు మావయ్యా అంతే.

ప్రదర్శన నుంచి వచ్చాక ఉండబట్టలేక, నల్లజర్లలో కూతురి దగ్గర ఉంటున్న అత్తయ్యకు ఫోన్ చేసి ఆ వెల చెప్పాను. ఎనభై దాటిన మనిషి, ఎక్కడ కుమిలిపోతుందోనని చెప్పాక భయపడ్డాను కూడా.

"పోనిద్దూ," అంది ఆవిడ. "ఆ రోజు మీ మావయ్య ఒక్క మాట అనుంటే, మీ అమ్మమ్మగారు బతికున్నన్నాళ్ళూ మళ్ళీ పసుపు గిన్నె ముట్టుకునేవారు కాదే."

ఇప్పుడు మనలో చాలామందికి సొంత ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళలో గాజు గ్లాసు జారి పగిలితే చాలు, ఎవరు పగలగొట్టారన్న కేక వీధి చివరిదాకా వినిపిస్తుంది. ఉన్న ఒక్క ఆశా కళ్ళముందే పోతుంటే, పోగొట్టిన చేతిలోంచే తీర్థం పుచ్చుకున్న మనిషి ఉండేవాడంటే పిల్లలు నమ్మరు. కళ్ళారా చూసిన నాకే ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు.