ట్రెడ్‌మిల్ పరీక్ష ముందు రోజు

2021 సెప్టెంబరు, ఒక ఆదివారం సాయంత్రం. పటాన్‌చెరులో మా అపార్ట్‌మెంటు, కార్లు దిగే ర్యాంపు.

ఉన్నవారు: నేను, నా భార్య, పై ఇంటి కోడలు, ఆమె అత్తగారు. కోడలికి బొల్లారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. అత్తగారిది భానూరు. కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

మర్నాడు నా భార్యకు ట్రెడ్‌మిల్ పరీక్ష. ఆ వేసవిలో కరోనా వచ్చి తగ్గాక, మెట్లెక్కుతుంటే ఒకసారి ఆవిడకు గుండె దడదడలాడింది. అప్పటినుంచి గడప దాటడం మానేసింది. గుండె పాడైపోయిందని తనే తేల్చేసుకుంది. మొదటి పరీక్షలు బాగానే ఉన్నాయనీ, నడిపించి చూస్తే సంగతి తెలుస్తుందనీ, అందాకా మెల్లగా తిరగవచ్చనీ డాక్టరు అన్నారు. కదిలే పట్టా మీద చీరతో నడిచి పడిపోతే నలుగురూ నవ్వుతారని ఆవిడకు మరో భయం. పరీక్షకు రానని మధ్యాహ్నం కచ్చితంగా చెప్పేసింది.

అందుకే ఈ రిహార్సల్. ఆ యంత్రం మధ్యలో ఏటవాలుగా లేస్తుందని చదివి ర్యాంపు ఎంచుకున్నాను. కోడలు తన పంజాబీ డ్రెస్సు ఇస్తానంది. ఈ వయసులోనా అని నా భార్య ఒప్పుకోలేదు. చివరికి కోడలే కాన్వాస్ బూట్లు తెచ్చి, లేసులు కట్టి, కుచ్చిళ్లు కాస్త పైకి మడిచి పిన్ను పెట్టింది.

అత్తగారు చూసి చూసి అడిగారు. "నడుసుడు గూడ నేర్సుకోవాల్నా చెల్లె? గా మిషిన్ మీద ఎంత నడిసినా యాడికి పోతవ్?"

"డాక్టరు దగ్గరికే అక్కయ్యా," అంది నా భార్య.

నేను పనిచేసిన ఫ్యాక్టరీలో సరుకు మోసే కన్వేయర్ దగ్గర కొత్తగా చేరినవాళ్లు కదిలే బెల్టునే చూస్తూ ఉంటే వాళ్లకు కళ్లు తిరిగేవి. కిందికి చూడకు, ఎదురుగా గోడ చూడు అని ఆవిడకు పదేపదే చెప్పాను.

"ఇక్కడ కదిలేది నేనండీ, నేల కాదు. చూసుకోకపోతే ఇప్పుడే పడతాను," అంది.

కోడలు పక్కనే నడుస్తూ, కబుర్లు చెబుతూ ఆవిడను పైకీ కిందికీ తిప్పింది. ఆయాసం వస్తే ఆగడం, తగ్గాక మళ్లీ కదలడం. ఒకసారి నా భార్య సగంలో నిలబడిపోయి గుండె మీద చేయి వేసుకుంది.

"దడ వచ్చిందండీ," అంది. నేను కంగారుగా దగ్గరికి వెళ్లాను. కాసేపు అలాగే ఉండి, "తగ్గింది కూడా," అంది. "రేపు వెళ్దాం."

మర్నాడు ఉదయం ఆసుపత్రిలో చీరకు బదులు వదులైన పైజామా, చొక్కా ఇచ్చారు. నన్ను బయట కూర్చోబెట్టారు. తలుపు అద్దంలోంచి ఆవిడ కనిపిస్తోంది. ముందు తడబడి కమ్మీ గట్టిగా పట్టుకుంది. వేగం పెరిగింది, వాలు పెరిగింది. అక్కడి అమ్మాయి ఏదో అడిగింది. ఆపమంటారా అని కాబోలు. నా భార్య తల అడ్డంగా ఊపింది. మరోసారి అడిగాక సరేనన్నట్టు తలూపింది, పట్టా ఆగింది.

గుండెకు ఇబ్బందేమీ కనిపించడం లేదన్నారు డాక్టరు. జబ్బు చేసి, ఆపైన నెలల తరబడి కదలకపోవడంతో సత్తువ పోయిందట. రోజూ కొద్దికొద్దిగా నడక పెంచుకోమన్నారు. నొప్పి గానీ, కళ్లు తిరగడం గానీ ఉంటే వెంటనే ఆగి తన దగ్గరికి రమ్మన్నారు. రేపటినుంచి మొదలుపెట్టమన్నారు.

"రేపటిదాకా ఎందుకండీ?" అంది నా భార్య.

నేను రిపోర్టులు తేదీల వరుసన ఫైల్లో పెట్టుకుని బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఆవిడ లేదు. బస్టాపు వైపు నడుస్తోంది. అందుకోవడానికి నేనే కాస్త వేగంగా నడవవలసి వచ్చింది.